మహారాజ పోషకులు

మా ఊరి గ్రంథాలయంలో అడుగుపెట్టగానే ఎదురుగోడ మీద పాలరాతి ఫలకం కనిపించేది. పైన 'మహారాజ పోషకులు', కింద 'రాజ పోషకులు', అట్టడుగున ఉత్త 'పోషకులు'. ఇచ్చిన చందాని బట్టి హోదా అన్నమాట. చిన్నప్పుడు నాకది తెలీదు. మనూళ్లో ఇంతమంది మహారాజులున్నారా అనడిగితే, 'మొదటాయనకి బియ్యం మిల్లుందిరా' అని నవ్వారు నాన్న.

నాన్న తెలుగు పండితులు. ఆ మాట ఎత్తితే చాలు, పాఠం మొదలయ్యేది. పెద్దన మనుచరిత్రకు కృష్ణదేవరాయలు కృతిభర్త. కృతి కన్యలాంటిది కాబట్టి పుచ్చుకున్నవాడు భర్త. తిక్కన నిర్వచనోత్తర రామాయణాన్ని మనుమసిద్ధికిచ్చి, భారతం మాత్రం హరిహరనాథుడికి అంకితం చేశాడు. సూర్యరాయాంధ్ర నిఘంటువు పేరులో ఉన్నది పిఠాపురం మహారాజావారే. 1948 చట్టంతో జమీందారీలు పోయాక ఆ బరువు మిల్లుల మీదా, చందాల మీదా పడింది. ప్రాపకం అన్న మాటైతే మరీ చిక్కిపోయి, ఎమ్మెల్యేగారి సిఫార్సు ఉత్తరం దగ్గర ఆగింది.

నాన్నకీ ఒక పోషకుడు దొరికాడు. ఫలకం మీది మొదటి పేరే. అచ్చుఖర్చంతా తనదేనన్నారాయన. నాన్న రాత్రిళ్లు కూర్చుని ఆయన వంశాన్ని ముప్ఫై పద్యాల్లో వర్ణించారు. జరీ కండువాతో ఫొటో కూడా సిద్ధమైంది. ఆ పేజీలు అచ్చయ్యాక ఆయన ముఖం చాటేశారు. ప్రెస్సతను మా గుమ్మం వదల్లేదు. ఒకరోజు అమ్మ మెళ్లో రెండుపేటల గొలుసు బదులు పసుపుతాడు కనిపించింది. గొలుసు మళ్లీ రాలేదు. పుస్తకం వచ్చింది, ఆయన ఫొటోతోనే.

అమ్మకి పోషణంటే సంసారపోషణే. నలుగురు పిల్లలు, నెలాఖరు, కొట్లో ఖాతా. పుస్తకంలో ఆమె పేరు ఎక్కడా లేదు.

నాన్న పోయిన ఏడాదికి ట్రంకుపెట్టె తెరిస్తే అమ్ముడుపోని కాపీలు బయటపడ్డాయి. మళ్లీ అచ్చేయిస్తాను, ఆ అంకితం తీసేసి నీ పేరు పెడతానన్నాను అమ్మతో.

అమ్మ కళ్లజోడు సర్దుకుని ఆ పేజీలు తిరగేసింది.

'ఇవి తీసేస్తావా? పుస్తకం మొత్తమ్మీద మీ నాన్నగారికి బాగా కుదిరినవి ఈ ముప్ఫయ్యే కదరా!'

కాసేపాగి మళ్లీ తనే అడిగింది. 'ఇంతకీ ఎంతవుతుందంటున్నాడు ప్రెస్సతను?'