గీతకు రెండు కొసలు

సాయిబు విమానం ఎక్కుతున్నాడంటే చాలు, ఊళ్ళో లెక్కలు మొదలవుతాయి. ఎన్ని లక్షలయ్యాయి, ఎవరిచ్చారు, మళ్ళీ వస్తాడా?

2023లో మా నానీ, మామూ హజ్‌కు బయల్దేరినప్పుడు కురిచేడులో ఒక పెద్దాయన నవ్వుతూనే అన్నాడు, "ఇంకేం, మీ ఊరికి మీరు పోతున్నారు" అని. మీ ఊరు! నానీ ఖురాన్ చదువుతుంది గానీ అరబ్బీలో మంచినీళ్ళడగడం రాదు. మేం ఇంట్లో మాట్లాడే తురకంలో సగం తెలుగే.

సరే, ఆ 'మా ఊరు' ఎంత దూరమో లెక్క కట్టాను. గన్నవరం నుంచి హజ్ విమానాలు మొదలైంది ఆ ఏడాదే. గన్నవరం, జిద్దాల అక్షాంశ రేఖాంశాలతో చూస్తే భూమి కేంద్రం దగ్గర వాటి మధ్య కోణం దాదాపు 39.5 డిగ్రీలు. డిగ్రీకి 111 కిలోమీటర్లు. అంటే 4,400 కిలోమీటర్లు. గంటకు 850 చొప్పున అయిదుంబావు గంటలు. లేవడానికీ దిగడానికీ ఇంకో అరగంట. పొద్దున పదింటికి లేస్తే అక్కడి గడియారంలో ఒంటిగంటా పావుకే దిగుతారు. సౌదీ మనకంటే రెండున్నర గంటలు వెనక. అది కలిపితేనే అసలు ప్రయాణం తేలుతుంది.

ఈ గణితం మాకు కొత్త కాదు. 1025లో అల్ బిరూనీ గజనీ నుంచి మక్కా ఏ దిక్కున ఉందో తేల్చడానికి ఊళ్ళ అక్షాంశ రేఖాంశాల మీద ఒక పుస్తకమే రాశాడు. నమాజుకు దిక్కు తేల్చేదీ, విమానానికి దగ్గరి దారి చూపేదీ ఒకటే లెక్క.

మేం పడమటికి మొక్కుతామని అందరూ అనుకుంటారు. కురిచేడులో ఖిబ్లా పడమరకు 14, 15 డిగ్రీలు ఉత్తరంగా ఉంటుంది. హైదరాబాదులో 13 డిగ్రీలే. ఢిల్లీలోనైతే పడమరకు మూడు డిగ్రీలు దక్షిణంగా. మక్కా ఒక్కటే, నిలబడిన చోటును బట్టి దిక్కు మారుతుంది. నానీ జానమాజ్ పరిచిన తీరే ఆమెది ఏ ఊరో చెబుతుంది.

పట్నంలో ఇల్లు అద్దెకడిగితే, పేరు చెప్పేదాకా ఉన్న గది పేరు చెప్పగానే నిండిపోతుంది. ఆ గడపకూ మాకూ ఎంత దూరమో చెప్పే సూత్రం ఏ పుస్తకంలోనూ లేదు. నాలుగు వేల కిలోమీటర్లు ఆరు గంటల్లో దాటొచ్చు. ఆ గడప దాటడానికి ఎన్నేళ్ళో?

మమ్మల్ని చూసేవాళ్ళకు ఆ గీత అవతలి కొసే కనబడుతుంది. జిద్దా విమానం ఎక్కాలంటే మా వాళ్ళు ముందు కురిచేడు స్టేషన్లో గుంటూరు వైపు రైలు కోసం మూటలు పెట్టుకుని కూచోవాలి. బయల్దేరిన చోటు తెలియకుండా ఏ పైలట్టూ దూరం లెక్క కట్టలేడు, ఏ మౌల్వీ ఖిబ్లా చూపలేడు. మేం ఎంత దూరం వాళ్ళమని అడిగేవాళ్ళు, ఎక్కడి నుంచి కొలుస్తున్నారో కూడా చెప్పాలి. మేమైతే కురిచేడు నుంచే కొలుస్తాం.