హారియట్ కొండ మీంచి అక్కకు

పోర్ట్ బ్లెయిర్, జనవరి 17

అక్కా,

క్షేమంగా చేరాం. ఊరి పేరు 2024లో శ్రీ విజయపురంగా మారింది గానీ, ఆటోవాళ్ల నోట ఇంకా పోర్ట్ బ్లెయిరే. ఇక్కడ ఐదున్నర దాటితే చీకటే. మనకంటే బాగా తూర్పున ఉన్నా గడియారం మాత్రం మనదే కదా! పగటి పనులన్నీ పెందలాడే ముగించుకోవాలి.

భాషకేమీ ఇబ్బంది లేదు. 2011 లెక్కల్లో ఈ దీవుల జనాభాలో సుమారు 13 శాతం తెలుగువాళ్లే. జంగ్లీఘాట్ చేపల రేవులో మన సిక్కోలు యాస వినబడితే ప్రాణం లేచొచ్చింది.

వేసవికి సిమ్లానా, డార్జిలింగా అని అడిగావు. బావగారికి కొండ కావాలి, పిల్లలకు సముద్రం కావాలి, మీ అత్తయ్యగారు నడవలేరు. ఈ మూడూ కుదిరే చోటు ఒకటి ఇక్కడుందని విన్నాను. చూసొచ్చి రాస్తాను.

చెల్లి

జనవరి 19

అక్కా,

ఇవాళ హారియట్ కొండకు వెళ్లాం. చాతం జెట్టీలో బండితో సహా ఫెర్రీ ఎక్కితే కాసేపట్లో అవతలి ఒడ్డు, బంబూ ఫ్లాట్. అక్కణ్ణుంచి తీరం వెంబడి కొంత దూరం పోయి, అటవీ శాఖ వాళ్ల దగ్గర టికెట్ తీసుకుని పైకి. బండి శిఖరం దాకా వెళ్తుంది కాబట్టి అత్తయ్యగారి మోకాళ్లకు భయం లేదు. ఎత్తు 383 మీటర్లు, అరకులో సగం కూడా కాదు. కానీ బావగారితో చెప్పు, దీనికి హిమాలయాలతో చుట్టరికం ఉంది. తూర్పు హిమాలయాల నుంచి విడివడిన కొండలే బర్మాలో అరకాన్ యోమాగా దక్షిణానికి సాగి, సముద్రంలో మునిగి, ఇక్కడ దీవులుగా తేలాయి.

1860లలో ఇక్కడి ఖైదీల స్థావరానికి అధికారిగా ఉన్న టైట్లర్ తన భార్య హారియట్ పేరు ఈ కొండకు పెట్టాడు. తర్వాత చీఫ్ కమిషనర్లకు ఇది వేసవి విడిది. 1864లో సిమ్లాను వేసవి రాజధాని చేసుకున్న దొరలు ఈ కొండ మీదా కన్నేశారు. 1872 ఫిబ్రవరి 8న వైస్రాయ్ లార్డ్ మేయో పొద్దువాలే వేళ ఇది ఎక్కాడు. రోగులు గాలి మార్పుకు వచ్చి ఉండేలా శానిటోరియం కట్టొచ్చా అని చూడటానికి వచ్చాడు. సూర్యాస్తమయం చూసి, చీకట్లో దివిటీల వెలుగున కిందికి దిగాడు. హోప్ టౌన్ జెట్టీ మీద పడవ ఎక్కబోతుంటే షేర్ అలీ అఫ్రీదీ అనే ఖైదీ వెనకనుంచి దూకి కత్తితో పొడిచాడు. తోటి ఖైదీలకు క్షవరం చేసే పఠాన్ అతను. మార్చి 11న వైపర్ దీవిలో ఉరితీశారు. పదవిలో ఉన్న వైస్రాయ్ హత్యకు గురైంది ఆ ఒక్కసారే. పిల్లలకు ఈ కథ ముందే చెప్పి తీసుకురా. లేకపోతే ఆ జెట్టీ వాళ్లకు ఉత్త రేవులాగే కనిపిస్తుంది.

పైన నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది మణిపూర్ వాళ్ల స్మారకం. 1891లో ఇంగ్లీషువాళ్లతో జరిగిన యుద్ధంలో ఓడిన మహారాజు కులచంద్ర సింగ్‌నూ, ఆయన మనుషులనూ తెచ్చి ఈ కొండ మీదే ఉంచారు. అందుకే 2021లో దీనికి మౌంట్ మణిపూర్ అని పేరు మార్చారు. లోయల్లో, కొండల్లో పెరిగినవాళ్లకు ఎటు చూసినా నీళ్లే కనబడితే ఎలా ఉండి ఉంటుంది? మన మన్యం గుర్తొచ్చింది. అల్లూరి వెంట నడిచిన గాం మల్లుదొర కూడా అండమాన్ శిక్ష అనుభవించినవాడే. బతికి తిరిగొచ్చి, 1952లో విశాఖ నుంచి లోక్‌సభకు గెలిచాడు. దొరలు విశ్రాంతి కోసం ఎంచుకున్న కొండ అని మాత్రమే దీన్ని చూడలేకపోయాను.

పాత ఇరవై రూపాయల నోటు ఉంటే దాచిపెట్టు. దాని వెనక ఉన్న కొబ్బరి చెట్లూ, దీపస్తంభమూ ఈ కొండ దారిలోంచే కనిపిస్తాయి. పిల్లలు నోటు పట్టుకుని పోల్చుకుంటారు.

కాలాపత్థర్ వైపు కాలిబాట అడవిలోకి దిగుతుంది. అక్కడ ఒక మాను మీద చిలకపచ్చ బల్లి, వీపున ఎర్రటి మచ్చలు. చెయ్యి చాస్తే అందేంత దగ్గరకెళ్లినా కదల్లేదు. నాలుక చాపి తన కన్ను తానే తుడుచుకుని, మాను అవతలికి జారుకుంది. ఇది పట్టపగలు తిరిగే బల్లి. దీని దాయాదులు చాలావరకు మడగాస్కర్‌లో ఉంటాయట! అంత సముద్రం దాటి ఇక్కడికెలా వచ్చి చేరిందో అనుకుంటూ అక్కడే నిలబడిపోయాను.

చెల్లి

జనవరి 21

అక్కా,

ఇక ప్లాను సంగతి. వేసవిలో మాత్రం వద్దు. సిమ్లా అయినా, ఇక్కడైనా. 2018 మే నెలలో సిమ్లాలో తాగునీళ్లు లేక జనం అల్లాడారు, టూరిస్టులను రావద్దని స్థానికులే వేడుకున్నారు. ఇక్కడా ఎండలు ముదిరితే పోర్ట్ బ్లెయిర్‌లో నీళ్లు రోజు విడిచి రోజు వదులుతారు. మనం సెలవులకని వచ్చి బకెట్లకు బకెట్లు పోసుకుంటే, ఆ మేరకు ఒక ఇంట్లో బిందె ఖాళీగా ఉంటుంది. ఆ సంగతి చూసుకోకుండా టికెట్లు కొనడం నాకు ఇష్టం లేదు. ఇక మే మూడో వారానికి నైరుతి వానలు, కేరళకంటే ముందు ఇక్కడికే. వానల్లో ఆ కాలిబాట నిండా జలగలు.

వచ్చే సంక్రాంతి సెలవులకు రండి. వానలు తగ్గిపోతాయి, నీళ్లు నిండుగా ఉంటాయి. చలి ఉంటుందని మాత్రం ఆశపడొద్దు. స్వెట్టర్లు బీరువాలోనే ఉండనీ. విశాఖ నుంచి ఓడ ఉంది, దాదాపు మూడు రోజుల ప్రయాణం, కానీ అరుదుగా నడుస్తుంది. అత్తయ్యగారికి విమానమే మేలు.

కొండకు పొద్దున్నే బయల్దేరాలి. మంచినీళ్లు, తిండి వెంట పెట్టుకోండి. వాటి ప్లాస్టిక్‌ను తిరిగి కిందికి తెచ్చుకోండి. తిరుగు ఫెర్రీ వేళ ముందే అడిగి ఉంచుకోండి. బావగారు ఏమన్నారో వెంటనే రాయి.

చెల్లి