బరువు పడ్డాకే బిగింపు



మన ఊరి నుండి గాంధీ ఆసుపత్రికి రోగులను తీసుకెళ్లే కారుకు వెనక షాక్ అబ్జార్బర్లు పోయాయి. ఆపరేషన్ అయినవారికి ప్రతి గుంతా నొప్పే. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో కొత్త జత కొని ఇంటి దగ్గరే మార్చాం.

బండి బరువు మోసేది స్ప్రింగు. దాని ఊగును ఆపేది షాక్ అబ్జార్బర్ లోపలి నూనె. అయితే కారు జాకీ మీద ఉండగా బోల్టులు పూర్తిగా బిగించకూడదు. చక్రాలు నేలకు ఆని, బరువు పడ్డాకే చివరి బిగింపు. లేదంటే రబ్బరు బుష్‌లు మెలిపడి త్వరగా చిరిగిపోతాయి.

విశ్వాసమూ అంతే. శ్రమల్లోనే ఓర్పు పుడుతుందని పౌలు రోమా 5:3లో రాశాడు. ఈ వారం మీ మీద పడిన భారం దిగాక ప్రార్థిద్దామని ఆగకండి. ఆ భారంతోనే మోకరించండి. ఆమేన్.