అబ్దుల్లాపూర్‌మెట్ బాటలో ఒక పాత జీపు

హైదరాబాదు నగరానికి తూర్పున ఎల్బీనగర్ కూడలి దాటిన తరువాత 65వ నంబరు జాతీయ రహదారి ఆటోనగర్, హయత్‌నగర్, పెద్ద అంబర్‌పేటల మీదుగా అబ్దుల్లాపూర్‌మెట్ చేరి, అక్కడి నుండి విజయవాడ వైపు సాగిపోతుంది. నేడు ఈ బాటన పోయేవారికి ఔటర్ రింగ్ రోడ్డు వంతెన, బాటసింగారం పండ్ల మార్కెట్టుకు వెళ్ళే లారీలు, రామోజీ ఫిల్మ్ సిటీకి వెళ్ళే బస్సులు కనిపిస్తాయి. అయితే ఈ బాట వయస్సు వీటన్నిటికంటే ఎంతో ఎక్కువ. కుతుబ్‌షాహీల కాలంలో గోల్కొండను మచిలీపట్నం రేవుతో కలిపిన వర్తక మార్గం ఈ దిక్కుగానే సాగేది.

అందుకు సాక్ష్యం హయత్‌నగర్‌లో నేటికీ నిలిచి ఉన్నది. ముహమ్మద్ కులీ కుతుబ్‌షా కుమార్తె, అబ్దుల్లా కుతుబ్‌షా మాతృమూర్తి అయిన హయత్ బక్షీ బేగం పేరిట వెలసిన ఊరు అది. అక్కడి అయిదు కమానుల మస్జిదు చుట్టూ విశాలమైన ఆవరణ, ఆ ఆవరణ గోడల వెంట వరుసగా వందకు పైగా గదులు ఉన్నాయి. అది బాటసారుల కొరకు కట్టిన సరాయి. సమీపంలోనే హాథీ బావలీ అనే పెద్ద దిగుడు బావి ఉన్నది. నమాజుకు మస్జిదు, నిద్రకు గది, దాహానికి బావి: ప్రయాణికునికి కావలసినవన్నీ ఒక్కచోట సమకూర్చారు.

ఆ కాలంలో గోల్కొండ రాజ్యానికి వచ్చిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే, మచిలీపట్నం దారిలోని ఒక మజిలీని గురించి వ్రాస్తూ, అక్కడ పేద బాటసారులకు రొట్టె, అన్నం, పప్పు పెట్టేవారనీ, పరుల చేతి వంట తినని హిందువులకు పిండి, కొంచెం వెన్న ఇచ్చేవారనీ పేర్కొన్నాడు. అన్నం పెట్టడమే గాక, తినేవాని నియమాన్ని కూడా గౌరవించిన ఆతిథ్యం అది.

ఫార్సీలో ‘కార్వాన్’ అంటే బిడారు. మన నగరంలోని కార్వాన్ పేటకు ఆ పేరు అలా వచ్చినదే. ఇదే మాట ఐరోపా భాషలలోకి వెళ్ళి, లోపల పడక, పొయ్యి అమర్చిన ఇల్లువంటి బండికి ‘కారవాన్’ అనే పేరుగా తిరిగి వచ్చింది. క్యాంపర్ అనేదీ అటువంటి బండినే. ఇప్పుడు మేము చెప్పబోయేది అటువంటి ఒక బండి సంగతి.

అబ్దుల్లాపూర్‌మెట్‌లో నివసించే మా పరిచయస్తుడొకరు సౌదీ అరేబియాలో ఇరవై ఏళ్ళు ఒక ఇంటి డ్రైవరుగా పనిచేసి తిరిగి వచ్చారు. చలికాలం సెలవులలో యజమాని కుటుంబాన్ని పాత టొయోటా ల్యాండ్ క్రూయిజర్‌లో ఎడారికి తీసుకువెళ్ళి, గుడారం వేసి, వంట చేసి పెట్టడం ఆయన పని. ఒకనాడు అస్ర్ నమాజు తరువాత మా వద్దకు వచ్చి ఇలా అన్నారు: “హజ్రత్! ఇన్నేళ్ళు పరుల పిల్లలను తిప్పాను. నా పిల్లలు నన్ను ఫోనులోనే చూశారు. అమ్మీ ఇంతవరకు సముద్రం చూడలేదు. మోకాళ్ళ నొప్పితో బస్సు మెట్లు ఎక్కలేదు. అక్కడి పాత ల్యాండ్ క్రూయిజర్ ఒకటి తెప్పించి, దానిలో పడక వేయించి, అమ్మీని బందరు దాకా తీసుకువెళ్తాను.”

కోరిక హలాలైనదే. కన్నతల్లి సేవ కంటే మంచి సంకల్పం ఏముంటుంది? అయితే దానికి పెట్టవలసిన సొమ్ము, కూతురి పెళ్ళికని దాచినది. అందుకే ముందు చట్టం ఏమంటున్నదో తెలుసుకుందామని చెప్పాము.

చట్టం స్పష్టంగానే ఉన్నది. విదేశాలలో వాడిన కారును మన దేశానికి తెచ్చుకోవాలంటే అది తయారై మూడేళ్ళు మించరాదు, స్టీరింగు కుడివైపు ఉండాలి. గల్ఫు బండ్లకు స్టీరింగు ఎడమవైపు ఉంటుంది. ఆయన కోరిన నమూనా తయారీ 1984లోనే ఆగిపోయింది. యాభై ఏళ్ళు దాటిన వింటేజ్ వాహనాలకు 2021లో ప్రత్యేక నిబంధనలు వచ్చినవి గాని, అవి కూడా ఈ పనికి అక్కరకు రావు. వింటేజ్‌గా నమోదైన బండి తన అసలు రూపంలోనే ఉండాలి. దానిని ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతుకు, ఇంధనానికి తప్ప నిత్య వాడకానికి రోడ్డెక్కించరాదు. అంటే దానిని అద్దాల బీరువాలోని పింగాణీ గిన్నెవలె చూసుకోవలసినదే, అందులో అన్నం వండుకోలేము.

సౌదీ బండి ఆశ వదులుకున్న తరువాత, ఇక్కడి జీపుల వైపు ఆయన దృష్టి మళ్ళింది. నిజానికి మన జీపు కూడా ఒకప్పుడు ఓడ దిగి వచ్చినదే. 1945లో మహీంద్రా సోదరులు మలిక్ గులాం ముహమ్మద్‌తో కలిసి ‘మహీంద్రా అండ్ ముహమ్మద్’ అనే సంస్థను లూధియానాలో స్థాపించారు. దేశ విభజన తరువాత ఆయన పాకిస్తాను తొలి ఆర్థిక మంత్రి అయ్యారు. 1948లో సంస్థ పేరు ‘మహీంద్రా అండ్ మహీంద్రా’గా మారింది. అమెరికాలోని విల్లీస్ జీపుల విడిభాగాలను దిగుమతి చేసుకొని, బొంబాయిలో బిగించి అమ్మడంతో ఆ సంస్థ వాహన రంగంలో కాలు పెట్టింది. సైన్యం కొరకు జబల్‌పూర్‌లో 1969 నుండి తయారైన జోంగా కూడా జపాను నిస్సాన్ నమూనాకు మన దేశపు రూపమే.

సైన్యం వేలం వేసిన జోంగా ఒకటి ఉన్నదని ఒక దళారి కబురు పెట్టాడు. బండి చూడముచ్చటగా ఉన్నది. ధర కూడా తక్కువే. మేము ఆటోనగర్‌లో నలభై ఏళ్ళుగా పనిచేస్తున్న ఒక వృద్ధ మెకానిక్‌ను వెంట తీసుకొని వెళ్ళాము. అక్కడ మెకానిక్‌ను కూడా ‘ఉస్తాద్’ అనే పిలుస్తారు. పని నేర్చుకొనే పిల్లవాడు శాగిర్దు. మదరసాలో వలెనే అక్కడ కూడా విద్య చూసి నేర్చుకొనేదే. ఆ ఉస్తాద్ ఇంజను మూత ఎత్తలేదు. చాసిస్ మీద నంబరు ఉన్న చోటును గుడ్డతో తుడిచి, వేలితో తడిమి, “అక్షరాలు ఒక్క వరుసలో లేవు మియా, పాత నంబరు అరగదీసి కొత్తది కొట్టారు” అన్నారు. వేలం కాగితాలు అడిగితే, “అవన్నీ మేము చూసుకుంటాము, మీకెందుకు?” అని దళారి జవాబిచ్చాడు.

తిరిగి వచ్చే దారిలో ఆ సోదరుడు చాలాసేపు మౌనంగా ఉండి, “రోడ్డు మీద ఇటువంటివి ఎన్ని తిరగడం లేదు హజ్రత్?” అన్నారు. నంబరు మార్చిన బండి చక్రాల మీద తిరిగే అబద్ధమని మేము చెప్పాము. అది దొంగసొత్తు అయితే, దాని అసలు యజమాని హక్కు దాని మీద అలాగే ఉంటుంది. ప్రయాణపు దుఆ చదివి ఎక్కవలసిన బండి, ఎక్కిన ప్రతిసారీ పోలీసును చూసి గుండె దడదడలాడే బండి కారాదు. అల్లాహ్ దయవల్ల ఆయన ఆ మాట విన్నారు.

చివరకు సొంత వాడకానికి నమోదైన పాత మహీంద్రా కమాండర్ జీపును, కాగితాలన్నీ సరిచూసి కొన్నారు. మన పల్లెలలో ఒకప్పుడు జనాన్ని మోసిన పొడుగాటి జీపు అదే. పదిహేనేళ్ళు దాటిన బండి గనుక ఎఫ్.సి. చేయించి, ఆర్.సి.ని అయిదేళ్ళకు పొడిగించుకోవలసి వచ్చింది. ఆటోనగర్ ఉస్తాద్ రెండు నెలలు దానిపై పనిచేశారు. కమాన్ కట్టలు విప్పి విరిగిన పట్టీలు మార్చారు, బ్రేకులు కొత్తవి వేశారు, తుప్పు పట్టిన రేకును కోసి అదే కొలతలో మళ్ళీ అతికించారు.

పైకప్పు ఎత్తు పెంచి గది కట్టిద్దామని కొందరు సలహా ఇచ్చారు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను దానికి ఒప్పుకోదు. తయారీదారు ఇచ్చిన అసలు వివరాలకు విరుద్ధంగా బండిని మార్చరాదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా స్పష్టం చేసింది. కావున ఏ భాగాన్నీ కోయకుండా, పెంచకుండా ఉపాయం ఆలోచించారు. వెనుక ఎదురెదురుగా ఉన్న రెండు బెంచీల నడుమ రాత్రివేళ చెక్క పలకలు పరిస్తే అమ్మీకి పడక సిద్ధం. పగలు పలకలు బెంచీ క్రిందికి పోతాయి. మిగతావారికి బండి ప్రక్కన కట్టే టార్పాలిన్ గుడారం. ఎక్కడానికి చిన్న చెక్క పీట. పొయ్యి వెలిగించేది ఎల్లప్పుడూ బయటనే. మూసిన బండిలో పొయ్యి వెలిగిస్తే విషవాయువు ప్రాణాలు తీస్తుంది.

పెళ్ళికి దాచిన సొమ్ములో అధిక భాగం మిగిలింది. చెప్పులు తెగితే స్వయంగా కుట్టుకొన్న దైవప్రవక్త (స) అనుచర సమాజానికి, పాత వస్తువును బాగుచేసుకొని వాడుకోవడం చిన్నతనం కాదు. ఆడంబరానికి చేసే దుబారాయే చిన్నతనం.

బయలుదేరే ముందు ఆ కుటుంబానికి మేము కొన్ని సంగతులు గుర్తుచేశాము. సుమారు 77 కిలోమీటర్లు లేక అంతకు మించిన ప్రయాణ సంకల్పంతో ఊరి పొలిమేర దాటినవారు, హనఫీ ఫిఖ్హ్ ప్రకారం, నాలుగు రకాతుల ఫర్జ్‌ను రెండుగా చేస్తారు. ఫజ్ర్, మగ్రిబ్ నమాజులలో తగ్గింపు లేదు. ఫర్జ్ నమాజుకు బండి ఆపి, దిగి, ఖిబ్లా చూసుకొని నిలబడాలి. నిలబడలేని అమ్మీ కూర్చొని చేయవచ్చు. పారే నది ఒడ్డున ఉన్నా వుజూ నీటిని వృథా చేయరాదన్న బోధ, క్యాను నీటితో సాగే ప్రయాణంలో మరింత గుర్తుండాలి. మజిలీ చేసిన చోట చెత్త వదలరాదు. పని ముగియగానే ఇల్లు చేరాలి.

దివ్య ఖుర్‌ఆన్ జకాతుకు అర్హులైన ఎనిమిది వర్గాలలో బాటసారిని కూడా చేర్చింది. హయత్‌నగర్ సరాయి గదులలో నేడు బిడారులు దిగడం లేదు. కాని బాటసారులు తగ్గలేదు. ఈ రహదారి ప్రక్కన నివసించే మన కుటుంబాలు వాకిట ఒక కుండ చల్లని నీరు పెట్టినా, దారినపోయే స్త్రీలకు నమాజుకు చోటు చూపినా, ఆ సరాయి పని కొంతైనా కొనసాగినట్లే. సొంత బండి సమకూరిన వారు అందులో ఒక సీటు, నడవలేని పెద్దవారికి కేటాయించాలి. అల్లాహ్ మన ప్రయాణాలను సురక్షితం చేయుగాక. ఆమీన్.