కంప్యూటర్ ఆయుష్షు ఎవరి చేతిలో ఉండాలి?

2025 అక్టోబర్ 14, మంగళవారం. విశాఖపట్నంలో ఒక గిగావాట్ సామర్థ్యంతో ఏఐ డేటా సెంటర్ కడతామనీ, అయిదేళ్లలో 1500 కోట్ల డాలర్లు పెడతామనీ గూగుల్ ఆ రోజు ఢిల్లీలో ప్రకటించింది. తెలుగువాళ్లు నలుగురు కలిసినచోటల్లా అదే మాట. అదే రోజు మైక్రోసాఫ్ట్ విండోస్ 10కి ఉచిత భద్రతా అప్‌డేట్లు ఆపేసింది. దీని గురించి మాట్లాడుకున్నవాళ్లు తక్కువ. మన ఇళ్లలో, జిరాక్స్ షాపుల్లో, చిన్న స్కూళ్ల ల్యాబుల్లో ఉన్న సిస్టమ్‌లకి నేరుగా తగిలిన వార్త మాత్రం ఇదే. రెండూ ఒకే తేదీన రావడం కాకతాళీయమే. అయినా నాకవి వేరువేరు సంగతులుగా అనిపించవు. కంప్యూటర్ మన బల్ల మీంచి, మన అదుపులోంచి మెల్లగా జారిపోతోంది. ఒకచోట మన మిషన్‌కి కాలం చెల్లిందని ఎవరో తీర్మానించారు. ఇంకోచోట మన పని చేసిపెట్టడానికి ఎవరో పెద్ద మిషన్ కడుతున్నారు.

విండోస్ 10 వచ్చింది 2015 జులైలో. దాని తర్వాతి విండోస్ 11కి మారాలంటే కంప్యూటర్‌లో టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి, ఇంటెల్ ప్రాసెసర్ అయితే దాదాపుగా ఎనిమిదో తరానికి, అంటే 2017 చివరి భాగానికి, అటువైపుది కావాలి. ఈ గీత ఎంత విచిత్రంగా పడిందో ఒక్క ఉదాహరణ చెప్తాను. 2017 జనవరిలో వచ్చిన కోర్ ఐ7-7700హెచ్‌క్యూ నాలుగు కోర్ల ప్రాసెసర్. అప్పట్లో గేమింగ్ ల్యాప్‌టాపుల్లో వాడేవాళ్లు. దానికి పదహారు జీబీ ర్యామ్ ఉన్నా అది విండోస్ 11 అధికారిక జాబితాలో లేదు. అదే ఏడాది చివర్లో వచ్చిన సెలెరాన్ ఎన్4000 రెండు కోర్లది, చవక ల్యాప్‌టాపుల కోసం చేసింది. నాలుగు జీబీ ర్యామ్‌తో కూడా అది జాబితాలో ఉంది. ఈ రెండింటి మీదా పనిచేసినవాళ్లెవరైనా ఏది చేతకాని మిషనో క్షణంలో చెప్పగలరు.

భద్రత కోసమే ఈ నిబంధన అని కంపెనీ అంటుంది. అందులో నిజం లేకపోలేదు. డిస్కులోని సమాచారాన్ని తాళం వేసి దాచే పద్ధతిలో ఆ తాళంచెవిని విడిగా ఒక చిప్‌లో భద్రపరచడం మంచిదే. దొంగ చేతికి ల్యాప్‌టాప్ చిక్కినా లోపలిది చిక్కదు. నా పేచీ అక్కడ కాదు. కొత్త మిషన్లకి కొత్త నియమం పెట్టడం వేరు, బాగా నడుస్తున్న పాతవాటిని బయటికి నెట్టడం వేరు. నెట్టేముందు డబ్బు పెట్టి కొనుక్కున్నవాణ్ణి ఎవరూ అడగలేదు. ఇంకో ఏడాది, అంటే 2026 అక్టోబర్ దాకా, అప్‌డేట్లు కావాలంటే మనం సెట్టింగుల్ని వాళ్ల ఖాతాలోకి బ్యాకప్ చెయ్యాలి, లేదా రివార్డు పాయింట్లు ఇవ్వాలి, లేదా 30 డాలర్లు కట్టాలి అన్నారు. యూరప్‌లో వినియోగదారుల సంఘాలు గట్టిగా పట్టుబట్టాయి. అక్కడివాళ్లకి ఆ షరతులు సడలాయి. అడిగినవాళ్లకి దక్కింది, మనం అడగలేదు.

అసలు పాత కంప్యూటర్‌లో పాడయ్యేది ఏమిటి? సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్లి, చిప్ లెవెల్ సర్వీస్ చేసే కుర్రాళ్లని అడగండి. "బోర్డ్ బానే ఉందన్నా, హార్డ్ డిస్కే స్లో అయింది" అనే మాటే ఎక్కువగా వినిపిస్తుంది. ప్రాసెసర్ అంత తేలిగ్గా చావదు. అరిగేవి వేరే ఉంటాయి: తిరిగే డిస్కు, బ్యాటరీ, దుమ్ము పట్టిన ఫ్యాన్, ఎండిపోయిన థర్మల్ పేస్ట్, వదులైన హింజెస్. వీటిలో మార్చలేనిది ఒక్కటీ లేదు.

డిస్కు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. "సిస్టమ్ హ్యాంగ్ అవుతోంది, కొత్తది కొనాలి" అనుకునేవాళ్లలో చాలామంది కష్టానికి కారణం అదొక్కటే. ల్యాప్‌టాపుల్లో ఉండే మామూలు హార్డ్ డిస్కు నిమిషానికి 5400 చుట్లు తిరుగుతుంది, అంటే సెకనుకి 90. కావలసిన చోటు సూది కిందికి రావడానికి సగటున అర చుట్టు ఆగాలి. ఆ సూది అక్కడికి జరగడానికి ఇంకొంత సమయం. వెరసి సెకనుకి వంద చోట్లు కూడా అది తడమలేదు. కంప్యూటర్ ఆన్ అయ్యేటప్పుడు మాత్రం చెల్లాచెదురుగా ఉన్న వేల చిన్న ఫైళ్లు చదవాలి. ప్రాసెసర్ చేతులు కట్టుకుని కూర్చునేది అక్కడే. ఎస్ఎస్‌డీలో తిరిగేదేమీ ఉండదు. సెకనుకి వేల చోట్ల నుంచి అలవోకగా చదువుతుంది. 2012 నాటి ల్యాప్‌టాప్‌కి ఎస్ఎస్‌డీ వేయించి, ర్యామ్ ఎనిమిది జీబీకి పెంచి ఇస్తే, ఇది మన పాతదేనా అని ఇంట్లోవాళ్లు ఆశ్చర్యపోవడం నేను చూశాను. కంప్యూటర్ల మీద పెట్టే ఖర్చులో ఇంతకంటే సార్థకమైనది నాకు తెలియదు.

ఈ మరమ్మతు సాధ్యం కావడానికి ఆనాటి మిషన్ల తయారీ కూడా కారణమే. 2011లో వచ్చిన థింక్‌ప్యాడ్ ఎక్స్220ని చూడండి. బ్యాటరీ చేత్తో లాగితే వస్తుంది. ఒకటి రెండు స్క్రూలు తీస్తే డిస్కు చేతిలోకొస్తుంది. ర్యామ్ మూత కూడా అంతే సులువు. ఏ భాగం ఎలా విప్పాలో బొమ్మలతో సహా చూపించే సర్వీస్ మాన్యువల్‌ని కంపెనీయే అందరికీ ఉచితంగా ఇచ్చింది. దాన్ని గీసిన ఇంజినీరు, ఇది ఏదో ఒకరోజు ఒక మెకానిక్ చేతిలో పడుతుందని ముందే తలచుకుని గీశాడు. ఆ మర్యాద నాకు చాలా ఇష్టం. ఇవాళ్టి పలచటి ల్యాప్‌టాపుల్లో చాలావాటికి ర్యామ్‌ని బోర్డుకే టంకం వేసేస్తున్నారు, బ్యాటరీని జిగురుతో అతికిస్తున్నారు. కొన్న రోజు ఎంత ర్యామ్ ఉందో చివరిదాకా అంతే. మందం కొన్ని మిల్లీమీటర్లు తగ్గించుకున్నందుకు ఇది చాలా పెద్ద మూల్యం.

పాత మిషన్ మన భాషకి చేస్తున్న సేవ ఒకటుంది. దాన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ. ఏ ఊళ్లోనైనా పెళ్లి శుభలేఖలు, కరపత్రాలు వేసే డీటీపీ షాపులోకి వెళ్లండి. అడోబ్ పేజ్‌మేకర్, దానికి తోడు అను ఫాంట్లు ఇప్పటికీ కనిపిస్తాయి. పేజ్‌మేకర్ ఆఖరి వెర్షన్ 7.0 వచ్చింది 2001లో. ఆ తర్వాత అడోబ్ దాన్ని వదిలేసి ఇన్‌డిజైన్ వైపు వెళ్లిపోయింది. ఆపరేటర్లు వదల్లేదు. వాళ్ల వేళ్లకి ఆ కీబోర్డు అలవాటు, వాళ్ల దగ్గరున్న వందల ఫైళ్లు ఆ పద్ధతిలోనివి. మూలనున్న ఆ విండోస్ ఎక్స్‌పీ మిషన్‌ని చూసి వెనకబాటుతనం అనుకునేవాళ్లున్నారు. నేనలా అనుకోను. మన భాషలో పాతికేళ్ల అచ్చుపని ఆ మిషన్ల మీద జరిగింది.

యూనికోడ్‌లో తెలుగుకి 1991లోనే, మొదటి వెర్షన్‌లోనే చోటు దొరికింది. విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంట్ కూడా వచ్చింది. అచ్చు రంగం మాత్రం తన దారిలోనే సాగింది. అను లాంటి ఫాంట్లు ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు గుణింతాల ముక్కల్ని కూర్చి పనిచేస్తాయి. ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో అదే ఫైలు తెరిస్తే అర్థంలేని లాటిన్ అక్షరాల కుప్ప కనిపిస్తుంది. స్థానిక చరిత్రలు, ఊళ్ల సావనీర్లు, కవుల సంపుటాలు, చిన్న పత్రికల సంచికలు ఎన్నో ఇంకా ఆ రూపంలోనే ఉన్నాయి. యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లున్నాయి, ఒత్తుల దగ్గర తప్పులు దొర్లుతాయి, మనిషి కూర్చుని సరిచూడాలి. అలా సరిచూడాలంటే అసలు పేజీ ఎలా ఉండేదో చూపించే పాత మిషన్ పక్కన ఉండాలి. దాన్ని తుక్కుకి వేస్తే ఆ పుస్తకాల్ని చదివే దారిని కూడా తుక్కుకి వేసినట్టే.

మరి భద్రతా అప్‌డేట్లు రాని మిషన్‌ని ఇంటర్‌నెట్‌కి తగిలించి వాడొచ్చా? వాడకూడదు. అందులో నాకు రెండో మాట లేదు. డీటీపీ మిషన్ అయితే నెట్ తీసేసి వాడుకోవాలి. మిగతావాటికి లినక్స్ ఉంది. డెబియన్, మింట్ లాంటివి ఉచితం, వాటికి అప్‌డేట్లు క్రమం తప్పకుండా వస్తాయి. యూనికోడ్ తెలుగు చక్కగా కనిపిస్తుంది. కేరళ ప్రభుత్వ బడుల్లో పిల్లలు నేర్చుకునేది లినక్స్ మీదే. కైట్ అనే ప్రభుత్వ సంస్థ వాళ్లకోసం ప్రత్యేకంగా ఒక ఓఎస్ తయారుచేసి ఇస్తోంది. మన దగ్గర హైదరాబాద్‌లో స్వేచ్ఛ సంస్థ కార్యకర్తలు తెలుగులో ఓఎస్ తెచ్చారు. వాళ్ల శ్రమకి మన ప్రభుత్వాలు కేరళ ఇచ్చినంత ఆసరా ఇచ్చి ఉంటే ఈ వ్యాసంలో సగం రాయాల్సిన అవసరం ఉండేది కాదు.

లినక్స్ కూడా పాతవాటిని వదిలేస్తుంది కదా అని అడగొచ్చు. వదిలేస్తుంది. లైనస్ టోర్వాల్డ్స్ 1991లో దాన్ని రాసింది 386 ప్రాసెసర్ మీద. 2012 చివర్లో ఆ 386కే మద్దతు తీసేశారు. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13లో 32 బిట్ల పీసీకి ఇన్‌స్టాలర్ లేదు. కానీ పీసీల్లోకి 64 బిట్లు వచ్చింది 2003లో. అంటే ఇరవై ఏళ్లకు పైగా ఆగారు. తీసేసిన కోడ్ కూడా అందరి కళ్ల ముందే ఉంటుంది, కావలసినవాళ్లు తీసుకుని కొనసాగించుకోవచ్చు. విండోస్ విషయంలో ఎనిమిదేళ్ల నాటి ప్రాసెసర్‌కి ఆ అవకాశం లేదు.

ఇక డేటా సెంటర్ల వైపు చూద్దాం. విశాఖకి వస్తున్నదానికి నేను వ్యతిరేకిని కాను. మన పిల్లలకి మంచి ఉద్యోగాలు ఊరి దగ్గర దొరకాలని నాకూ ఉంది. ఒక గిగావాట్ అంటే ఎంతో మాత్రం తెలుసుకుని సంతోషించాలి. పరవాడ దగ్గరున్న ఎన్టీపీసీ సింహాద్రి విద్యుత్ కేంద్రం మొత్తం సామర్థ్యం 2000 మెగావాట్లు. అందులో సగం. ఆ కరెంటు ఎక్కణ్ణుంచి వస్తుంది, చల్లబరచడానికి నీళ్లెన్ని కావాలి అని విశాఖ ప్రజలు అడిగితే అది అభివృద్ధికి అడ్డుపడటం కాదు. అడగడం వాళ్ల హక్కు.

ఈ సెంటర్ల ఆకలి మన బల్ల దాకా వచ్చేసింది కూడా. ఏఐ చిప్పుల పక్కన పెట్టే హెచ్‌బీఎం అనే మెమరీకి గిరాకీ విపరీతంగా పెరిగింది. మామూలు ర్యామ్‌తో పోలిస్తే దానికి సిలికాన్ చాలా ఎక్కువ పడుతుంది. ప్రపంచంలో ర్యామ్ చేసే పెద్ద కంపెనీలు మూడే: శామ్‌సంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్. లాభం ఎటుంటే అటే మొగ్గాయి. 2025 డిసెంబర్‌లో మైక్రాన్ తన క్రూషియల్ బ్రాండ్‌ని మూసేస్తున్నట్టు ప్రకటించింది. ఇళ్లలో ర్యామ్, ఎస్ఎస్‌డీ వేసుకునేవాళ్లు ఏళ్ల తరబడి నమ్మిన పేరది. ధరలు ఎగబాకాయి. పాత సిస్టమ్‌కి ర్యామ్ పెంచుకుందామనుకునే డిగ్రీ విద్యార్థి ఇప్పుడు ప్రపంచంలోకెల్లా ధనవంతులైన కంపెనీలతో పోటీపడి కొనాలి. ఇలాంటప్పుడు చేతిలో ఉన్న పాత ర్యామ్ ముక్క కూడా విలువైనదే.

పాతవాటిని పారేస్తే ఏమవుతుందో కూడా చూడండి. 2022లో ప్రపంచమంతటా పోగైన ఈ-వేస్ట్ 6.2 కోట్ల టన్నులు. అందులో పద్ధతి ప్రకారం సేకరించి రీసైకిల్ చేసినట్టు లెక్క దొరికింది 22.3 శాతమే. మిగతాదాంట్లో చాలావరకు ఏ రక్షణా లేని మనుషులు వైర్లు కాల్చి, ఆసిడ్‌లో ముంచి రాగి, బంగారం తీసుకునే చోటికి చేరుతుంది. ఒక ల్యాప్‌టాప్ తన జీవితకాలంలో కలిగించే కాలుష్యంలో ఎక్కువ భాగం మన ఇంటికి రాకముందే, తయారీలోనే జరిగిపోతుంది. అందుకే రీసైక్లింగ్ కంటే మరమ్మతు మేలు.

చట్టం చెయ్యగలిగింది చాలా ఉంది. యూరప్‌లో 2025 జూన్ 20 నుంచి కొత్త ఫోన్లు, ట్యాబ్లెట్లకి మోడల్ అమ్మకం ఆగాక కూడా అయిదేళ్లపాటు అప్‌డేట్లు, ఏడేళ్లపాటు విడిభాగాలు అందివ్వాలి. మన కేంద్ర ప్రభుత్వం 2022 డిసెంబర్‌లో రైట్ టు రిపేర్ పోర్టల్ తెరిచింది. మరమ్మతుకి ఏ వస్తువు ఎంత అనువుగా ఉందో మార్కులు వేసే సూచీ మీద ఒక కమిటీ 2025 మే నెలలో నివేదిక కూడా ఇచ్చింది. అది కాగితం దాటాలి, ల్యాప్‌టాపులకీ వర్తించాలి. బిస్కట్ ప్యాకెట్ మీద ఉన్నట్టే ప్రతి కంప్యూటర్ పెట్టె మీదా అప్‌డేట్లు ఏ తేదీ దాకా వస్తాయో అచ్చువెయ్యాలి. అది చూసి కొనాలా వద్దా అని మనం నిర్ణయించుకుంటాం.

అప్పటిదాకా మీరు చెయ్యగలిగింది ఒకటుంది. ఇంట్లో పాత ల్యాప్‌టాప్ ఉంటే ఎక్స్‌చేంజ్‌లో వెయ్యి రూపాయలకి ఇచ్చెయ్యకండి. పెన్‌డ్రైవ్‌లో మింట్ వేసి, ఇన్‌స్టాల్ చెయ్యకుండానే నడిపి చూడండి. నడిస్తే ఎస్ఎస్‌డీ వేయించి, మీ వీధిలో కోడింగ్ నేర్చుకోవాలని ఉన్నా సిస్టమ్ లేని పిల్లకో పిల్లాడికో ఇవ్వండి. డిస్కు తీసేముందు మాత్రం అందులో పాత అను ఫైళ్లున్నాయేమో చూసి, ఫాంట్లతో సహా కాపీ చేసి పెట్టుకోండి.