పదిహేడేళ్ళ పీపా

పోయినేడాది మార్చిలో మా చెల్లెలి పురిటికి వియన్నా వెళ్ళాను. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, అంతసేపు విమానంలో కూర్చోలేదు. పెళ్ళయిన తొమ్మిదేళ్ళకి నిలిచిన కాన్పు, అది ఒక్కతే ఎలా పడుతుంది? అందుకని ఇల్లు అత్తయ్యగారికి అప్పజెప్పి, సొంఠిపొడి, కాయం, వెల్లుల్లి కారం కట్టుకుని బయల్దేరాను. తొంభై రోజుల వీసా.

వెళ్ళిన నాలుగో రోజు పాలకోసం ఫ్రిజ్ తీస్తే తలుపు అరలో ఆకుపచ్చ సీసా కనబడింది. సగం ఖాళీ అయి ఉంది. నేను సీసా వంక చూస్తూ నిలబడిపోయాను. చేతిలో పాలగిన్నె చల్లబడింది గానీ నాకు ఒళ్ళంతా చెమట.

"మీ మరిది ఆదివారం ఒక్క గ్లాసు తాగుతారక్కా. ఇక్కడ అందరూ భోజనంలో తాగుతారు. నాన్న తాగింది వేరు, ఇది వేరు" అంది చెల్లెలు.

నాన్న తాగింది దానికేం తెలుసు? అప్పుడు దానికి నాలుగేళ్ళు. నాకు పన్నెండు. నెల్లూరు జిల్లాలో మా ఊరు. సారా ప్యాకెట్లు పళ్ళతో కొరికి తాగేవారు మా నాన్న. సాయంత్రం ఆయన చెప్పుల చప్పుడు వినగానే చెల్లెల్ని ఎత్తుకుని పక్కింటి వసారాలోకి పోయేదాన్ని. దాని చెవులు మూసేదాన్ని. అందుకే దానికేమీ గుర్తు లేదు. అమ్మ ఇత్తడి బిందె పోయింది, ఆమె చేతి గాజులు పోయాయి. 1992లో దూబగుంటలో ఆడవాళ్ళు సారా అంగడి ముందు నిలబడ్డారని తెలిశాక మా ఊళ్ళోనూ నిలబడ్డారు. రాత్రిబడిలో అప్పుడప్పుడే అక్షరాలు దిద్దుతున్న అమ్మ, చీపురు పట్టుకుని ముందు వరసలో ఉంది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా ఆగింది. 1995 జనవరిలో మొత్తం మద్యమే నిషేధించారు. కానీ మా నాన్న కాలేయం అంతవరకూ ఆగలేదు. 1996లో పోయారు.

ఇదంతా మరిదికి తెలియదు. చెల్లెలు చెప్పలేదు. నేను మాత్రం ఎలా చెప్పను? ఆరోజు నుంచి మరిది ఎదురుపడితే ముభావంగా ఉండేదాన్ని. పాపం అతను "వదినా, కాఫీ పెట్టనా" అంటూ తిరిగేవాడు. అలా రెండు నెలలు గడిచాయి. బాబు పుట్టాడు, పురుడు పోశాం, ఉయ్యాలలో వేశాం. ఆ సీసా నా గొంతులో ముల్లులాగే ఉండిపోయింది.

నా తిరుగు ప్రయాణానికి వారం ముందు, జూన్‌లో, "వదినా, మీరు ఎక్కడికీ రాలేదు, డాన్యూబ్ నది ఒడ్డున మంచి ఊరు ఉంది, వెళదాం" అన్నాడు మరిది. రైల్లో క్రెమ్స్ వరకు గంట ప్రయాణం. అక్కడినుంచి ఇనుప వంతెన దాటి అవతల ఒడ్డుకి పోతే మౌటర్న్ అనే చిన్న ఊరు. ఆ లోయని వాఖౌ అంటారు. 2000లో యునెస్కో వాళ్ళు ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారు. కొండ వాలు మీద సున్నం, సిమెంటు లేకుండా ఒట్టి రాళ్ళు పేర్చి గోడలు కట్టి, మెట్టుమెట్టుగా ద్రాక్షతోటలు వేశారు. కింద ఆప్రికాట్లు కాసే చెట్లు.

వెళ్ళింది నికోలైహోఫ్ అనే ద్రాక్షతోట వాళ్ళింటికి. వైన్ చేసే చోటని తెలిశాక నాకు కోపమొచ్చింది. చెల్లెలు బాబుని నా ఒళ్ళో పెట్టి, "ఇక్కడ చెట్టు కింద కూర్చో అక్కా, ఏమీ తాగొద్దులే" అంది. పెరట్లో పెద్ద లిండెన్ చెట్టు, పూతకొచ్చి ఉంది. తేనె వాసన. మన వేపపూతలో ఉండే చేదు దీనికి లేదు. బాబు ఆ వాసనకే నిద్రపోయాడు.

ఊరకే కూర్చోవడం నాకు చేతకాదు. పక్క బల్లమీద చదవడానికి పెట్టిన కాగితం మరిది చేత చదివించుకున్నాను. ఆ ఇల్లు రోమన్ల కోట ఉన్న చోట, వాళ్ళ పునాదుల మీద లేచింది. ఒకప్పుడు మఠానిది. 1894 నుంచి జాస్ అనే కుటుంబం చేతిలో ఉంది. ఆ ఇంటి కోడలు క్రిస్టీన్ జాస్, ఆవిడ భర్త కలిసి 1971లోనే ఆ తోటని బయోడైనమిక్ పద్ధతిలోకి మార్చారట. అప్పటికి యూరప్‌లో ద్రాక్షతోటల వాళ్ళెవరూ దాదాపు ఆ దారిలో లేరు. చుట్టుపక్కల అందరూ రసాయనాలు చల్లుతున్న రోజులు.

బయోడైనమిక్ అంటే ఏమిటో మరిది చెబుతుంటే నాకు నవ్వొచ్చింది. 1924లో రుడాల్ఫ్ స్టైనర్ అనే ఆయన రైతులకి చేసిన ఉపన్యాసాలతో మొదలైందట. ఈనిన ఆవు కొమ్ములో ఆవు పేడ కూరి, శరదృతువులో భూమిలో పాతిపెట్టి, వసంతంలో తీస్తారు. అందులోంచి గుప్పెడు నీళ్ళలో వేసి గంటసేపు కలుపుతారు. కుడివైపు సుడి తిప్పి, మళ్ళీ ఎడమకి. దాన్ని నేలమీద చల్లుతారు. చామంతి జాతి పూలు, దురదగొండి లాంటి ఆకులు కూడా ఎరువులో కలుపుతారు. చంద్రుణ్ణి చూసుకుని పనులు చేస్తారు.

"మా పెద్దమామయ్య పొలంలో జీవామృతం కలిపేది ఇలాగే కదా" అన్నాను. పేడ, గోమూత్రం, బెల్లం, పప్పుపిండి, గుప్పెడు గట్టుమట్టి వేసి కర్రతో తిప్పుతారు. కొమ్ము సంగతి శాస్త్రవేత్తలందరూ ఒప్పుకోరు. కానీ విషం చల్లకుండా, రోజూ తోటలో తిరిగి ఒక్కో తీగనీ చూసుకునే వాళ్ళ పంట బాగుంటుందంటే నమ్మడానికి నాకు చదువు అక్కర్లేదు.

తర్వాత లోపలికి తీసుకెళ్ళారు. నేనూ వెళ్ళాను, బాబు చెల్లెలి దగ్గర. కిందికి దిగుతుంటే వర్షాకాలంలో మా అమ్మమ్మ ఇంటి ఊరగాయల గదిలో వచ్చే వాసన. చల్లటి, తడి, పుల్లటి వాసన. ఆ చీకట్లో వరసగా పాత టేకు రంగు పీపాలు, మన గాదెలంత. ఓక్ చెక్కవి. చిన్న కొత్త పీపా అయితే చెక్క వాసన వైన్‌కి పడుతుందట. పెద్దవీ పాతవీ అయితే పట్టదు. చెక్క సందుల్లోంచి గాలి మాత్రం రవ్వంత సోకుతుంది. ఆవిరై తగ్గినప్పుడల్లా పైన గాలి చేరకుండా మళ్ళీ నింపుతారు. ఈస్టు కూడా బయటిది వెయ్యరు, తోటలోంచి పండుతో వచ్చిందే పులియబెడుతుంది.

ఎర్ర వైన్‌ని నిలవబెట్టే వగరు తెల్లదానికి తక్కువ. దాన్ని కాపాడేది పులుపు. రీస్లింగ్ అనే ద్రాక్షకి ఆ పులుపు ఎక్కువ. అక్కడ ఒక పీపాలో 1995 పంట రీస్లింగ్‌ని పోసి 2012 దాకా సీసాలకెత్తలేదట. పదిహేడేళ్ళు! వినోటెక్ అని పేరు పెట్టారు. 2014లో వైన్ అడ్వొకేట్ అనే పత్రిక దానికి నూటికి నూరు మార్కులిచ్చింది. ఆస్ట్రియా వైన్ దేనికీ అంతకుముందు ఆ పత్రికలో నూరు రాలేదు.

1995 అనగానే నేను ఆగిపోయాను. మన దగ్గర సీసాలు పగలగొట్టిన ఏడాది. నాన్న పక్కలో పడుకుని పొట్ట ఉబ్బి, కళ్ళు పచ్చబడి ఉన్న ఏడాది. ఇక్కడ అదే ఏడు ఎవరో ద్రాక్ష కోసి, పీపాలో పోసి, మూతపెట్టి, మనవల దాకా ఆగుదాంలే అనుకున్నారు. ఏమిటో ఏడుపొచ్చింది. చీకట్లో ఎవరికీ కనబడలేదనుకున్నా.

మరిది చూశాడు. పైకొచ్చాక, "వదినా, నా వల్ల ఏమన్నా తప్పు జరిగిందా" అని అడిగాడు.

చెట్టు కింద కూర్చుని మొత్తం చెప్పేశాను. ప్యాకెట్లు, పక్కింటి వసారా, అమ్మ గాజులు. మరిది కంటే మా చెల్లెలే ఎక్కువ విన్నది. దాని చెవులు మూసింది నేనని దానికి ఆరోజే తెలిసింది. అది బాబుని గుండెకి ఆనించుకుని అలా ఉండిపోయింది.

మరిది గ్లాసు ముట్టుకోలేదు. కాసేపాగి, "నేను మానేయాలా వదినా?" అన్నాడు.

నిజం చెప్పాలంటే "మానెయ్" అని నోటిదాకా వచ్చింది. కానీ మానమని అడిగి మాట తీసుకున్న రోజులు అమ్మ జీవితంలో ఎన్నో ఉన్నాయి. "అది నీ ఇష్టం, దాని ఇష్టం. ఒక్కటి చెయ్యి. ఎప్పుడైనా ఆదివారం శనివారం అయిందనుకో, శుక్రవారం అయిందనుకో, నాకంటే ముందు నీకే తెలుస్తుంది. అప్పుడు దాచకుండా దీనితో చెప్పు" అన్నాను. సరేనన్నాడు. గ్లాసు వాసన చూశాను నేను. ఎండిన నారింజ తొక్క, తడిసిన రాయి, ఎక్కడో తేనె. నాన్న నోటి వాసన లేదు. తాగలేదు, తాగబుద్ధి కూడా కాలేదు. కానీ భయం వెయ్యలేదు.

ఇది చదివి వైన్ మంచిదని రాశానని అనుకోకండి. కాలేయానికి తొమ్మిది వందల రూపాయల సీసా, తొమ్మిది రూపాయల ప్యాకెట్ ఒకటే.

ఆ రాత్రి అమ్మ ఫోన్ చేసింది. దాచడం ఎందుకని చెప్పేశాను, వైన్ చేసేవాళ్ళ తోట చూసొచ్చామని.

"ఏందిమే, అట్లాంటి చోటికి పోతారా పసిబిడ్డని ఏసుకోని?" అంది. పదిహేడేళ్ళ పీపా గురించి చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు.

"పదిహేడేళ్ళు మూతపెట్టి కాసుకున్నోళ్ళకి తాగే ఆత్రం ఉండదులే. మీ నాయన సాయంత్రం దాకా ఆగలేకపోయె" అంది. తర్వాత, "బిడ్డకి నూనె రుద్దినారా?" అని అడిగింది.