చుక్క జాడ

విజయవాడకు తూర్పున, బందరు రోడ్డును ఆనుకొని ఉన్న ఆటోనగర్‌లో తెల్లవారుతూనే సుత్తి దెబ్బలు మొదలవుతాయి. చెన్నై-కోల్‌కతా రహదారి, హైదరాబాదు-మచిలీపట్నం రహదారి కలిసే నగరం కావడం వల్ల నలుదిక్కుల నుండి లారీలు మరమ్మతుకు అక్కడికి వస్తాయి. అక్కడ లారీయే రోగి, మేస్త్రియే వైద్యుడు.

ఒకనాటి ఉదయం ఒక లారీ వచ్చి షెడ్డు ముందు ఆగింది. దాని గేరు బాక్సు కింద నూనె చుక్కలుగా రాలుతోంది. నడిపేవాడే దాని యజమాని. బండి మీద అప్పు ఇంకా తీరలేదు. రెండు నెలల్లో రెండుసార్లు ఆయిల్ సీలు మార్పించినా కారడం ఆగలేదు. గేరు బాక్సులో నూనె తరిగిపోతే పళ్ళచక్రాలు, బేరింగులు ఒరుసుకొని పాడైపోతాయి. ఆ ఖర్చును భరించే శక్తి అతనికి లేదు.

చుక్క రాలుతున్నది అడుగున ఉన్న డ్రెయిన్ బోల్టు దగ్గర. దానిని బిగించినవాడు క్లీనరు. కనుక తప్పు అతనిదేనని డ్రైవరు నిశ్చయించుకున్నాడు.

"వీడి చేతగానితనం వల్ల నా కొంప మునుగుతోంది మేస్త్రిగారూ! ఈరోజే ఇంటికి పంపేస్తాను" అన్నాడు. క్లీనరు తల వంచుకొని నిలబడ్డాడు.

"తొందరపడకు బాబూ! నూనె రాలే చోటు వేరు, పుట్టే చోటు వేరు" అన్నాడు వృద్ధుడైన మేస్త్రి.

ఆయన మొదట ఒక చుక్కను వేళ్ళ మధ్య రుద్ది వాసన చూశాడు. డీజిల్ ఇంజను నూనె అయితే మసిలా నల్లగా ఉంటుంది. ఇది చిక్కగా, గంధకపు ఘాటుతో ఉంది. కాబట్టి గేరు నూనెయే. తరువాత గేరు బాక్సునంతటినీ డీజిలుతో కడిగించి, పొడిగుడ్డతో తుడిపించి, ముఖానికి రాసుకొనే పౌడరు చల్లించాడు. అంత దిగులులోనూ క్లీనరుకు నవ్వు వచ్చింది. బండిని కొంతదూరం నడిపి తీసుకురమ్మని చెప్పి పంపాడు మేస్త్రి.

లారీ తిరిగి వచ్చాక టార్చిలైటు వేసి చూస్తే, తెల్లని పౌడరు మీద తడిచార స్పష్టంగా కనిపించింది. అది వెనుక షాఫ్టు సీలు వద్ద మొదలై, పెట్టె వెంబడి జారి, అన్నిటికంటే పల్లంలో ఉన్న బోల్టు వైపు సాగింది. బోల్టు మరల చుట్టూ మాత్రం పౌడరు చెక్కుచెదరలేదు.

"సీలు కొత్తదే కదా!" అన్నాడు డ్రైవరు.

"సీలుది కూడా తప్పు కాదు" అంటూ మేస్త్రి గేరు బాక్సు పైభాగాన్ని తడిమాడు. అక్కడ బ్రీదరు అనే చిన్న గాలిగొట్టం ఉంటుంది. అది బురదతో పూర్తిగా పూడిపోయింది. బండి నడిచేకొద్దీ లోపలి గాలి వేడెక్కి వ్యాకోచిస్తుంది. బయటికి దారి లేకపోతే, ఆ ఒత్తిడి నూనెను సీలు అంచుల గుండా నెడుతుంది. ఎన్ని సీళ్ళు మార్చినా ఫలితం ఉండకపోవడానికి కారణం అదే.

బ్రీదరును శుభ్రం చేసి, పాడైన సీలు మార్చి, మళ్ళీ పౌడరు చల్లి బండిని నడిపించారు. ఈసారి పౌడరు పొడిగానే ఉంది.

డ్రైవరు చాలాసేపు మాట్లాడలేదు. టీ కుర్రవాడు రాగానే మొదటి గ్లాసు అందుకొని క్లీనరు చేతికిచ్చాడు. "తాగు. నీ బోల్టు గట్టిగానే ఉందిరా" అన్నాడు.

దోషం కంటబడిన చోటనే దోషిని వెదకడం మనిషికి సులభం. జాడ వెంట పైకి నడవడానికి మాత్రం ఓర్పు కావాలి.